చెంబును చూడడం: పెద్దవాళ్ల బొమ్మల తరగతి గురించి

(హైదరాబాదులోని ఒక గ్రంథాలయంలో పెద్దల కోసం సాయంత్రపు చిత్రలేఖనం, ఫొటోగ్రఫీ తరగతులు మొదలుపెట్టబోతున్న సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నన్ను పిలిచినవారు ఈ ప్రసంగానికి ‘వయోజనులకు కళావిద్య’ అని పేరు పెట్టారు. కరపత్రంలో ఆ మాట చదివిన మా పక్కింటాయన, “చదువు రానివాళ్లకు బొమ్మలు నేర్పుతారా మాస్టారూ?” అని అడిగారు. అందులో ఆయన తప్పేమీ లేదు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైన నాటి నుంచి మనకు వయోజన విద్య అంటే పలక, రాత్రిబడి, వేలిముద్ర పోయి సంతకం రావడం. అది గొప్ప పనే, కాదనను. అయితే ఉద్యోగం చేసుకుంటూనో, పదవీ విరమణ అయ్యాకనో, పిల్లల పెళ్లిళ్లు చేసి కాస్త ఊపిరి పీల్చుకున్నాకనో ఒక మనిషి బొమ్మలు గీయడం నేర్చుకోవాలనుకుంటే, ఆ చదువుకు మన భాషలో ఇంకా ఒక పేరు స్థిరపడలేదు. నిరంతర విద్య అనే మాట ఉంది గానీ, అది విశ్వవిద్యాలయాల బోర్డుల మీద కనిపించినంతగా ఇళ్లలో వినబడదు. పేరు లేని పనికి వెళ్తున్నామని చెప్పుకోవడానికి మనుషులు మొహమాటపడతారు. నా దగ్గరికి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగి రెండు నెలల పాటు తన ఆఫీసులో కంప్యూటర్ కోర్సుకు వెళ్తున్నానని చెప్పుకున్నాడు.

బడి ఈడు దాటినవారికి చదువు అందించడంలో మన ఊరు ఎప్పుడూ వెనకబడలేదు. సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లోనే మొదలైంది. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో దేశంలోనే మొదటిదిగా వెలిసింది, అది ఉన్నదీ ఇక్కడే. పుస్తకం పట్టుకోవడానికి వయసు అడ్డం కాదని ఇంత గట్టిగా నమ్మిన ఊళ్లో, పెన్సిల్ పట్టుకోవడానికి మాత్రం చిన్నతనంలోనే మొదలుపెట్టి ఉండాలని అందరూ అనుకోవడం నాకు విచిత్రంగా తోస్తుంది.

ఈ నగరపు పాత రూపాన్ని మనకు మిగిల్చిపోయిన మనిషి కూడా పెద్దయ్యాక నేర్చుకున్నవాడే. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, ఇండోరులో ప్రజాపనుల శాఖలో అంచనాలు వేసే, నక్షాలు గీసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆయన కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో, ఆ ఉద్యోగం చేసుకుంటూనే. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఛాయాచిత్రకారుడయ్యాడు, ఆయన చేత ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొందాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫొటోలు తీసే పనిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆయన తీసిన కోటల, మహళ్ల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఆ కెమెరా వెనక నక్షాల బల్ల కనిపిస్తుంది. నిలువు స్తంభం నిలువుగా నిలబడాలని, మెట్ల వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసేవాడికి తెలియాలని పట్టుబట్టిన కన్ను అది. ఆ పట్టుదల కెమెరా కొన్నాక వచ్చింది కాదని, ఏళ్ల తరబడి గీసిన నక్షాల వెంట వచ్చిందని నా నమ్మకం.

పెద్దవాళ్ల తరగతి గురించి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. పెద్దవాళ్లు ఖాళీ చేతులతో రారు. ఏదో ఒక పని ముప్పై నలభై ఏళ్లు చేసిన చెయ్యి, ఆ పని వల్ల ఒక పద్ధతిలో స్థిరపడిన కన్ను వాళ్ల వెంట వస్తాయి. ఆ చెయ్యి వాళ్లకు సాయం చేస్తుంది, కన్ను చాలాసార్లు మోసం చేస్తుంది. ఈ రెండింటినీ విడదీసి చూపించడమే నా దృష్టిలో గురువు పని.

ముందు చెయ్యి సంగతి చూద్దాం. అరవై దాటిన ఒక ఆవిడ మొదటి రోజే నాతో, “నాకు తిన్నగా ఒక గీత కూడా రాదు సార్, మా మనవరాలు బలవంతం చేస్తే వచ్చాను” అన్నారు. “మీ ఇంటి ముందు ముగ్గు ఎవరు వేస్తారమ్మా?” అని అడిగాను. “నేనే వేస్తాను, పెళ్లయినప్పటి నుంచి” అన్నారు. సంక్రాంతికి ఏది వేశారని అడిగితే, 15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేదాకా పెట్టి మెలికల ముగ్గు వేశానని చెప్పారు. అమ్మా, ఆ పని ఏమిటో ఒకసారి ఆలోచించండి. వంగి నిలబడి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పిండిని ఒకే లావున జారవిడుస్తూ, చుక్కను తాకకుండా చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసే గీత అది. చెరిపేందుకు రబ్బరు ఉండదు. అలాంటి గీత వేయగలిగిన మనిషి తనకు గీత రాదంటున్నదంటే, ఆమెకు రానిది గీత కాదు. కాగితం మీది గీత వేరే జాతిదని ఆమెకు ఎవరో చెప్పారు, అంతే.

ఆ రోజు ఆవిడకు పెన్సిల్ ఇవ్వలేదు. పెద్ద గోధుమరంగు కాగితం నేల మీద పరిచి, బొగ్గు ముక్క ఇచ్చి, నిలబడి వంగి గీయమన్నాను. మోచెయ్యి దాకానే కదిపే అలవాటు లేని మనిషి కాబట్టి భుజం నుంచి గీత వచ్చింది. మా తరగతిలో ఉన్న కుర్ర ఇంజనీర్లు ఆ గీత చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఇక కన్ను. దీనికి నా దగ్గర పాత ఇత్తడి చెంబు ఒకటి ఉంది, పదిహేనేళ్లుగా అదే నా పాఠ్యపుస్తకం. దాన్ని బల్ల మీద పెట్టి గీయమంటే, కొత్తగా వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది మూతిని బాదంకాయలా రెండు పక్కలా మొనలు తేల్చి గీస్తారు, అడుగును స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తారు. కారణం తేలికే. మూతి గుండ్రనిదని వాళ్లకు తెలుసు, పైనుంచి చూస్తున్నాం కాబట్టి నొక్కుకుపోయి కనిపిస్తోందనీ గ్రహించారు, ఆ రెండూ కలిపి బాదంకాయ చేశారు. అడుగు బల్ల మీద ఆనుకుని ఉందనీ, బల్ల చదునుగా ఉందనీ కూడా తెలుసు, కాబట్టి తిన్నని గీత పెట్టారు. వాళ్లు గీసింది చెంబును కాదు, చెంబు గురించి తమకు తెలిసినదాన్ని.

నిజానికి ఆ చెంబు అడుగు మూతి కన్నా ఎక్కువ వంగి కనిపించాలి. మన కంటి మట్టానికి దగ్గరగా ఉన్న వలయం సన్నగా, పట్టీలా కనిపిస్తుంది. కంటి మట్టం నుంచి కిందికి వెళ్లేకొద్దీ అది విచ్చుకుని నిండు వలయానికి దగ్గరవుతుంది. కాబట్టి చెంబు మూతి కన్నా మెడ, మెడ కన్నా అడుగు, క్రమంగా ఎక్కువ గుండ్రనవుతాయి. ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు. చెంబును మెల్లగా ఎత్తి, మూతి కంటికి సరిగ్గా ఎదురుగా వచ్చి ఒక్క గీతగా మారేదాకా చూపించి, మళ్లీ మెల్లగా దించుతాను. అప్పుడు వెనక బెంచీలో నుంచి “అరె!” అని ఒక మాట వినబడుతుంది. ఆ మాట వినడం కోసమే ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నానని కూడా అనుకుంటాను. చిన్నపిల్లల దగ్గర ఆ “అరె” రాదు. యాభై ఏళ్లు రోజూ అదే చెంబుతో నీళ్లు తాగినవాళ్ల దగ్గరే వస్తుంది.

పెద్దల తరగతిని ఒక పూటలో ముగించలేమని నేను మొండికేసేది ఇందుకే. ఇప్పుడు మన నగరంలో రెండు గంటలు కూర్చుంటే చివరికి ఒక కాన్వాసు చేతికిచ్చి పంపే కార్యక్రమాలు శని, ఆదివారాల్లో చాలా జరుగుతున్నాయి. సరదాకు వెళ్లేవారిని నేను తప్పుపట్టను, సినిమాకు వెళ్లినట్టే అదీ. అలాంటి కార్యక్రమాల్లో నాకూ భాగం ఉంది కాబట్టి అసలు విషయం చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక సంస్థలో పాఠాలు చెప్పడానికి కుదిరాను. ఆరు నెలల పాఠం తయారుచేసుకుని వెళ్తే, దాన్ని రెండు వారాంతాలకు కుదించమన్నారు. కుదించాక కూడా, వచ్చినవాళ్ల బొమ్మలు ఫొటోలకు పనికొచ్చేలా లేవని, ముందే పెన్సిల్ గీతలు వేసి ఉంచమన్నారు. రెండు నెలల పాటు, ప్రతి శుక్రవారం రాత్రి 20 కాన్వాసుల మీద ఒకే బుద్ధుడి ముఖం నేనే గీసి పెట్టాను. మర్నాడు వచ్చినవాళ్లు దాన్లో రంగులు నింపి, మూలన సంతకం పెట్టుకుని సంతోషంగా వెళ్లారు. ఒకాయన మూడోసారి కూడా వచ్చి, “ఈసారి బుద్ధుడు కాకుండా గుర్రం వేద్దామా సార్?” అని అడిగినప్పుడు, ఆయనకు నేను ఏమీ నేర్పలేదని నాకు స్పష్టంగా తెలిసింది. గుర్రం కూడా నేనే గీయాలి కదా. ఆ నెలాఖరుకు అక్కడ మానేశాను.

తరగతి ఎలా ఉండాలో చెప్పేటప్పుడు చిన్న విషయాలే పెద్దవవుతాయి. నలభై దాటినవారిలో చాలామందికి రెండు పవర్ల కళ్లద్దాలు ఉంటాయి. దూరాన ఉన్న వస్తువును అద్దం పైభాగంలో నుంచి, ఒళ్లో ఉన్న కాగితాన్ని కింది భాగంలో నుంచి చూస్తూ తల పైకీ కిందికీ ఆడిస్తుంటే, మెడ నొప్పి పుట్టడమే కాదు, కొలత కూడా తప్పుతుంది. పైగా కాగితం బల్ల మీద చదునుగా ఉంటే దాని పైఅంచు మనకు దూరంగా ఉంటుంది కాబట్టి బొమ్మ తెలియకుండానే పైకి సాగుతుంది. అందుకని చెక్క అట్టను ఏటవాలుగా నిలబెట్టి, వస్తువు పక్కనే కాగితం కనిపించేలా కూర్చోబెట్టాలి. కుడిచేతి వాటం వారికి వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే గీసే చెయ్యి నీడే గీత మీద పడుతుంది. సామగ్రి మీద డబ్బు తగలేయవద్దని కూడా చెబుతుంటాను. 1795లో ఫ్రాన్సులో కొంతే అనే ఆయన గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి కాల్చి పెన్సిల్ ములుకు చేసిన నాటి నుంచి సూత్రం ఒకటే, మట్టి ఎక్కువైతే గట్టిది, గ్రాఫైటు ఎక్కువైతే మెత్తనిది, నల్లనిది. 2బి, అంతకన్నా మెత్తని 6బి, ఈ రెండు పెన్సిళ్లతో ఒక సంవత్సరం గడుస్తుంది. 24 పెన్సిళ్ల డబ్బా కొన్నవాళ్లు మొదటి నెలంతా ఏది తీయాలా అని ఆలోచిస్తూనే గడపడం నేను చూశాను.

రబ్బరు మాత్రం మొదటి మూడు నెలలు నిషేధం. తప్పు గీత ఉన్నప్పుడే దాని పక్కన సరైన గీత ఎక్కడ పడాలో కన్ను పోల్చుకుంటుంది. పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరుగారు దీనికి చాలా ఇబ్బంది పడ్డారు. జీవితమంతా స్కేలు, సెట్‌స్క్వేర్లతో గడిపిన ఆయనకు, వట్టి చేత్తో గీసిన వంకర గీత కాగితం మీద మిగిలిపోవడం పరువు తక్కువగా అనిపించింది. ఆయన చేత ఖాళీని గీయించాను. మడత కుర్చీ ముందు పెట్టి, కుర్చీని వదిలేసి కాళ్ల మధ్య కనిపిస్తున్న సందులను మాత్రమే గీయమన్నాను. సందుకు పేరు లేదు కాబట్టి దాని గురించి ఆయనకు ముందే తెలిసిందంటూ ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు గీశారు, చివర్లో చూస్తే కుర్చీ వచ్చి కూర్చుంది.

ఫొటోగ్రఫీకి వచ్చేసరికి సమస్య తలకిందులు. అక్కడ చేతికి పనే లేదు, ఫోనే అంతా చేసేస్తుంది. అందుకే నేను ఒక పాత నిబంధన పెడతాను. ఫిల్ము చుట్టలో 36 ఫొటోలు ఉండేవి. ఉదయం ఆరింటికి చార్మినార్ దగ్గర కలుసుకుని, తొమ్మిదింటి దాకా 36కు మించకుండా తీయాలి, మధ్యలో వెనక్కి తిప్పి చూసుకోకూడదు. లాడ్ బజారు చార్మినార్‌కు పడమటివైపు ఉంటుంది. పొద్దున్నే ఆ వీధిలోకి నడిచేటప్పుడు సూర్యుడు వీపు మీద ఉంటాడు, గాజుల దుకాణాల షట్టర్ల మీద వెలుగు ఏటవాలుగా పడుతుంది. కొంత దూరం పోయి వెనక్కి తిరిగితే, అదే సూర్యుడు చార్మినార్ వెనక నుంచి కంట్లో కొడతాడు. ఫోను తెలియనితనంతో మీనార్లను తేటపరచాలని చూసి ఆకాశాన్ని తెల్లకాగితం చేస్తుంది. అప్పుడు తెర మీద వేలు నొక్కి ఉంచి, సూర్యుడి గుర్తును కిందికి జరిపితే మీనార్లు నల్లబడి, ఆకాశంలో రంగు తిరిగొస్తుంది. ఏది సరైనదని అడుగుతారు. సున్నపు పూల పని చూపించాలంటే ఒకటి, ఊరి ఆకారం చూపించాలంటే ఇంకొకటి. ఆ నిర్ణయం ఫోనుది కాదు, మీది.

కెమెరా ఉన్నవారికి మాత్రం ఎండ లెక్క ఒకటి చెబుతాను. నిండు ఎండలో ఎపర్చరును, అంటే కటకంలో వెలుగు దూరే రంధ్రాన్ని, ఎఫ్ 16 అనే కొలత దగ్గర పెడితే, షట్టరు వేగం, వెలుగుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ అంకెకు సమానంగా ఉండాలి, ఐఎస్‌ఓ 100 అయితే సెకనులో దాదాపు 100వ వంతు. అక్కడి నుంచి ఎపర్చరు ఒక్కో మెట్టు తెరిచినప్పుడల్లా వెలుగు రెట్టింపవుతుంది, షట్టరు సమయాన్ని సగం చేయాలి. ఇంట్లో వంటకు నీళ్లు కొలిచినవాళ్లకు ఇది ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. అంతకన్నా ఎక్కువ సమయం పట్టేది మరొకటుంది. గాజులు చేసే మనిషి ముఖాన్ని తీయాలంటే ముందు నమస్తే పెట్టి, అడిగి, ఆయన వద్దంటే కెమెరా దించడం. పెద్దవాళ్లకు ఇది పిల్లల కన్నా బాగా వస్తుందనుకున్నాను, రాలేదు. మెడలో ఖరీదైన కెమెరా ఉన్నవారికి అసలు రాలేదు.

నెలకోసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తాం, దానికి సెలవు శుక్రవారమే కాబట్టి ఆదివారం జనంలోనే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహం ముందు మామూలుగా ఒక్కొక్కరు అర నిమిషం నిలబడి, ఫొటో తీసుకుని కదిలిపోతారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో సంపాదించిన ఆ పాలరాతి ముఖాన్ని మా తరగతి ఒక పక్కన నిలబడి, ఏమీ గీయకుండా 20 నిమిషాలు చూస్తుంది. పాలరాయి గట్టిది, మసకైనది, దానిలోంచి ఏమీ కనిపించదు. అయినా పల్చని ముసుగులో నుంచి ముఖం కనిపిస్తున్నట్టు మనకు ఎలా తోస్తోంది? ముక్కు మీదుగా, చెంప మీదుగా సాగే మడతల దగ్గర నీడ ఎక్కడ పదునుగా తెగిందో, ఎక్కడ మెల్లగా కరిగిందో వెతకమంటాను. తర్వాత బయటికి వచ్చి, ఆవరణలో కూర్చుని, జ్ఞాపకం నుంచి ఆ నీడలను మాత్రమే గీస్తారు. జ్ఞాపకంలో మిగలని చోటు, నిజానికి చూడని చోటేనని వాళ్లకే తెలిసిపోతుంది. మా ముగ్గుల ఆవిడ పోయిన నెలలో ముఖం మొత్తం వదిలేసి, గడ్డం కింద ముసుగు బిగిసిన ఒక్క మడతను అరచేయంత గీశారు. నా గదిలో గోడకు పెట్టుకున్న శిష్యుల బొమ్మలు మూడే, వాటిలో అదొకటి.

డిజైన్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది నా అసలు విద్య కాదు. కానీ ఆ తరగతికి ఎవరు వస్తున్నారో చూడండి. ఫ్లెక్సీలు వచ్చి చేతిపని పోయిన బోర్డు పెయింటర్లు వస్తున్నారు. వాళ్లకు కంప్యూటర్ మీద మౌస్ పట్టడం కష్టం గానీ, తెలుగు అక్షరానికి తలకట్టు ఎంత ఎత్తు కావాలో, కింద ఒత్తు కోసం ఎంత జాగా వదలాలో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషుకు కుదిర్చిన వరుసల మధ్య దూరాన్ని అలాగే ఉంచి తెలుగు పెడితే, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద వచ్చి కూర్చుంటాయి. మన శుభలేఖల్లో సగం అందుకే చదవడం కష్టం. వాళ్లకు ఇచ్చే మొదటి పని కూడా శుభలేఖే. బంధువుల పేర్లు ఒక్కటీ తీసేయకూడదు, తీసేస్తే పెళ్లే ఆగిపోవచ్చు, కానీ ముహూర్తం, హాలు చిరునామా చదివేవాడి కంటికి మొదట దొరకాలి.

సర్టిఫికెట్ ఇస్తారా అని చాలామంది అడుగుతున్నారు. మేం ఇవ్వం. కావలసినవారికి ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సులో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ఉన్నాయి. ఏడో తరగతి పాసైనవారు లోయరు రాయవచ్చు, తర్వాత హయ్యరు, బడిలో డ్రాయింగ్ మాస్టరు కావాలనుకుంటే ఆ పైన 42 రోజుల వేసవి శిక్షణ ఉంటుంది. అది ఉద్యోగానికి దారి, ఆ దారిలో వెళ్లేవారికి మేం చేతనైన సాయం చేస్తాం. మా తరగతిలో మాత్రం నెలాఖరున బొమ్మలన్నీ గోడకు పెట్టి మాట్లాడుకుంటాం. అక్కడ ‘బాగుంది’ అనే మాట వాడకూడదు. ఎక్కడ కన్ను ఆగిందో, ఎక్కడ జారిందో చెప్పాలి. ఇంట్లో మనవలు, ఫోన్లో స్నేహితులు ‘సూపర్’ అని ఎలాగూ అంటారు, అది మన దగ్గర దొరకనక్కర్లేదు.

మొదటి తరగతి వచ్చే ఆదివారం, ఖాజాగూడ గుట్ట దగ్గర, ఉదయం ఆరున్నరకు. గదిలో కాకుండా గుండ్ల దగ్గర ఎందుకని అడుగుతారేమో. ఈ నగరం కింద ఉన్న రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒక గుండు మీద మరో గుండు ఏ ఆధారంతో నిలబడిందో చూస్తే మన లెక్కలు పనిచేయవు, వాటి ఆకారానికి మన దగ్గర పేరూ లేదు. మొదటిసారి గీసేవారికి ఇంతకన్నా దయగల మోడలు దొరకదు, వంకర వచ్చినా పోలిక చెడిందని ఎవరూ అనరు. అయితే బరువు మాత్రం కనిపించాలి, గుండు దూదిలా తేలిపోకూడదు. కాగితాలు, అట్టలు మేం తెస్తాం. 2బి, 6బి పెన్సిళ్లు ఒక్కొక్కటి, మంచినీళ్లు, టోపీ మీరు తెచ్చుకోవాలి. చాపలు ఉన్నాయి గానీ మోకాళ్ల నొప్పులున్నవారు మడత కుర్చీ వెంట తెచ్చుకోండి. ఆ మరుసటి వారం నుంచి ఇదే హాలులో కూర్చుంటాం. ఆ రోజుకు ఎవరి ఇంటి చెంబు వాళ్లే తెచ్చుకోవాలి, నా దగ్గర ఒక్కటే ఉంది.